బయటి కట్టెల బాయిలర్‌కు సర్క్యులేటర్ పంపు ఎంపిక – ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ ఉత్తర భాగాల్లో ఊరికి దూరంగా, నాలుగైదు ఎకరాల స్థలంతో ఇళ్లు తీసుకున్న మనవాళ్లు ఇప్పుడు కొందరు కనిపిస్తున్నారు. అక్కడ గ్యాస్ లైను ఉండదు, ప్రొపేన్ ట్యాంకే దిక్కు. చలికాలం బిల్లు చూశాక పెరట్లో కట్టెల బాయిలర్ పెట్టించుకుంటారు. ఇంటికి వంద అడుగుల దూరంలో చిన్న షెడ్డులాంటి పెట్టె, అందులో మంట, మంట చుట్టూ కొన్ని వందల గాలన్ల నీళ్లు. ఆ వేడినీళ్లు భూమిలో పాతిన పైపు గుండా ఇంట్లోకి వచ్చి, వేడి ఇచ్చి, తిరిగి బాయిలర్‌లోకి పోతాయి. ఆ నీళ్లను తిప్పేదే సర్క్యులేటర్ పంపు. ఈరోజు మాట్లాడుకునేది దాని గురించే.

బాయిలర్ కొనేటప్పుడు పది చోట్ల వాకబు చేస్తాం. పంపు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి పెట్టండి" అంటాం, లేకపోతే "పెద్దది పెట్టండి" అంటాం. రెండూ ఖర్చు పెంచే మాటలే. పంపు అన్నిటికంటే ఆఖర్న ఎంచుకోవాల్సిన వస్తువు. ముందు ఇంటికి ఎంత వేడి కావాలో తేలాలి. దాన్నిబట్టి నిమిషానికి ఎన్ని గాలన్లు తిరగాలో తేలుతుంది. ఆ గాలన్లకు ఏ పైపు వేయాలో, ఆ పైపులో ఎంత అడ్డు వస్తుందో చూశాక, పంపు పేరు దానంతట అదే బయటపడుతుంది.

మనవాళ్లతో వచ్చే మొదటి చిక్కు మన అలవాటే. ఊళ్లో మోటారు కొన్నప్పుడు రెండు ప్రశ్నలు అడుగుతాం: ఎన్ని హార్స్‌పవర్, ఎన్నో అంతస్తుకు ఎక్కించాలి. టుల్లు పంపుకైనా బోరు మోటారుకైనా ఆ ప్రశ్నలు సరైనవే, ఎందుకంటే అక్కడ నీళ్లు సంపులోంచి పైన ట్యాంకులోకి ఎక్కి అక్కడే ఉండిపోతాయి. ఇక్కడ నీళ్లు ఎక్కి ఉండిపోవు, చుట్టూ తిరిగి వస్తాయి. బావి గిలక మీద తాడుకు రెండు కొసలా నిండు బిందెలు కట్టినట్టన్నమాట: ఒకటి పైకి వస్తుంటే రెండోది కిందికి దిగుతూ దాని బరువును మోసేస్తుంది. పైపులు నిండుగా ఉన్నంతకాలం పైకి వెళ్లే నీటి బరువును కిందికి దిగే నీరు సరిచేస్తుంది. పంపు చేయాల్సిందల్లా పైపు గోడల రాపిడిని, మలుపుల అడ్డును దాటించడం. అందుకే ఈ పంపుల మీద 'హెడ్ ఇన్ని అడుగులు' అని రాసి ఉంటే అది ఇంటి ఎత్తుకు సంబంధించింది కాదు, రాపిడికి సంబంధించిన లెక్క. రెండంతస్తుల ఇల్లు కాబట్టి 25 అడుగుల హెడ్ కావాలనుకోవడం పొరపాటు.

సరే, వేడి లెక్క. ఇంట్లో ఇప్పుడున్న ఫర్నేస్ మీద లక్ష బీటీయూ అని ఉంటుంది. బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం, ఫర్నేస్ మీద అది గంట లెక్కన రాస్తారు. ఇంటికి నిజంగా కావలసింది అంతే అని నమ్మకండి, ఫర్నేస్‌లు మామూలుగా అవసరానికి మించే బిగిస్తారు. ప్రొపేన్ ట్యాంకు మీటరు ఇంతకంటే నిజం చెబుతుంది. 500 గాలన్ల ట్యాంకు ఉందనుకోండి. జనవరిలో బాగా చలిగా ఉన్న రోజుల్లో ముల్లు రోజుకు 4 శాతం దిగితే, 20 గాలన్లు కాలినట్టు. గాలన్ ప్రొపేన్‌లో సుమారు 91,500 బీటీయూలు. ఫర్నేస్ 90 శాతం సామర్థ్యంతో నడుస్తోందనుకుంటే, 20 ఇంటూ 91,500 ఇంటూ 0.9, దాన్ని 24 గంటలతో భాగిస్తే గంటకు 68 వేల పైచిలుకు వస్తుంది. ఆ ట్యాంకుతోనే స్నానాల నీళ్లు కాచుకుంటుంటే అది కూడా ఇందులో కలిసే ఉంటుంది. ఇంకాస్త చలికి చోటు ఉంచి 80 వేలు అనుకుందాం.

ఇక ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. గంటకు బీటీయూలు = 500 × నిమిషానికి గాలన్లు × ఉష్ణోగ్రత తేడా. తేడా అంటే ఇంట్లోకి వచ్చే నీటికీ తిరిగిపోయే నీటికీ మధ్య ఉండే ఫారెన్‌హీట్ డిగ్రీలు. 500 ఎక్కడిది? గాలన్ నీళ్లు 8.33 పౌండ్లు, గంటకు 60 నిమిషాలు, రెండూ హెచ్చిస్తే దాదాపు 500. తేడా 20 డిగ్రీలు పెట్టుకోవడం ఈ పనిలో వాడుక. అప్పుడు నిమిషానికి ఒక్కో గాలన్ 10 వేల బీటీయూలు మోస్తుంది. 80 వేలకు 8 గాలన్లు.

నీళ్లు గడ్డకట్టకుండా గ్లైకాల్ అనే ద్రవం కలిపితే ఈ 500 తగ్గుతుంది. సగానికి సగం ప్రొపిలీన్ గ్లైకాల్ అయితే 450 దగ్గరికి వస్తుంది, పైగా ద్రవం చిక్కబడి రాపిడి పెరుగుతుంది. నెలల తరబడి ఖాళీగా ఉండే కేబిన్లకు అది అవసరమేమో గానీ, మనుషులు ఉండే ఇంటికి నీళ్లే మేలు. వేడినీళ్లు తిరుగుతున్నంతసేపు గడ్డకట్టవు.

ఇప్పుడు పైపు. నన్నడిగితే అసలు విషయమంతా ఇక్కడే ఉంది. కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

బాయిలర్ ఇంటికి 100 అడుగుల దూరంలో ఉంది. పోను 100, రాను 100, మొత్తం 200 అడుగుల పైపు. ఒకవైపు దూరమే లెక్కేసుకుని పంపు కొన్నవాళ్లు తర్వాత తలపట్టుకుంటారు. అంగుళం పెక్స్ పైపు (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ గొట్టం) అంటే లోపలి బోరు అంగుళం ఉండదు, 0.86 అంగుళాల దగ్గర ఉంటుంది. అందులో నిమిషానికి 8 గాలన్లు పోతే ప్రతి 100 అడుగులకు సుమారు 9 అడుగుల హెడ్ ఖర్చవుతుంది. 200 అడుగులకు 18. దీనికి ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ (రెండు వైపుల నీళ్లు కలవకుండా పలకల గుండా వేడిని మాత్రం అందించేది) అడ్డు ఓ 3 అడుగులు, మలుపులూ వాల్వులూ కలిపి 2 అడుగులు. మొత్తం 23 అడుగులు. అంగుళంపావు పెక్స్‌కు లోపలి బోరు 1.05 దాకా ఉంటుంది. అవే 8 గాలన్లకు 100 అడుగులకు ఖర్చు మూడున్నర అడుగులే. 200 అడుగులకు 7, మిగతావి 5, మొత్తం 12. నీళ్లు వేడిగా ఉన్నప్పుడు ఈ అంకెలు ఇంకొంచెం తగ్గుతాయి, ఆ తగ్గుదలను మిగులుగా వదిలేయండి.

పావంగుళం పెరిగితే అడ్డు సగానికి వచ్చింది. ఇది పంపు మీద ఎలా తేలుతుందో చూడండి. గ్రండ్‌ఫాస్ యూపీఎస్ 15-58 అని ఒక పంపు ఉంది, మూడు స్పీడ్లది, ఈ పనిలో ఎక్కువగా కనిపించేది. గరిష్ఠ హెడ్ 19 అడుగులు, హై స్పీడులో 87 వాట్లు. అదే కంపెనీది 26-99 దానికి పెద్దన్న, హెడ్ 30 అడుగుల దగ్గర, హై స్పీడులో 197 వాట్లు. ఎనిమిది గాలన్ల దగ్గర 15-58 ఇవ్వగలిగింది 12 అడుగులకు కాస్త అటూ ఇటూ. అంటే అంగుళంపావు పైపుకు అది సరిపోయింది. అంగుళం పైపుకు 23 అడుగులు కావాలి కాబట్టి 26-99 పెట్టాల్సిందే.

ఈ పంపు చలికాలమంతా ఆగకుండా తిరుగుతుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా 210 రోజులు అనుకుంటే 87 వాట్ల పంపుకు సుమారు 440 యూనిట్లు, 197 వాట్ల దానికి దాదాపు 990 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లయితే ఒకదానికి 66 డాలర్లు, ఇంకోదానికి 149. ప్రతి చలికాలం ఈ తేడా కడుతూనే ఉండాలి. పంపుదేముంది, నాలుగు బోల్టులిప్పితే మార్చవచ్చు. పాతిన పైపును మార్చాలంటే మళ్లీ జేసీబీ పిలవాలి. డబ్బు పెట్టాల్సింది పైపు మీద. పైపు ఇంకా వేయించని వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే అంగుళంపావే వేయించండి. దూరం 150 అడుగులు దాటితే అంగుళంన్నర కూడా ఆలోచించండి. ఇన్సులేషన్‌లోకి నీళ్లు దిగని రకం తీసుకోండి. ముడతల గొట్టంలో రేకు చుట్టిన చవక రకంలోకి భూమిలో నీరు చేరిందంటే ఎంత మంచి పంపు పెట్టినా వేడి మట్టికే పోతుంది.

అంగుళం పైపు ఇప్పటికే పాతేసినవాళ్లు బెంబేలు పడనక్కర్లేదు. ఆ పైపుకే 15-58 పెట్టారనుకోండి. 8 గాలన్లు రావు గానీ, 6 దాకా వస్తాయి. సూత్రంలో వేసి చూడండి: 80 వేలను 500తో, 6తో భాగిస్తే తేడా 27 డిగ్రీలవుతుంది. 180లో వెళ్లిన నీరు 153లో తిరిగొస్తుంది. అదీ ఏడాదిలో వేళ్లమీద లెక్కపెట్టే చలి రోజుల్లో మాత్రమే. మిగతా రోజుల్లో ఇంటికి అంత వేడి అక్కర్లేదు కాబట్టి తేడా 20 లోపే ఉంటుంది. చాలా ఇళ్లలో ఇది చాలు. ఇల్లు వేడెక్కుతోంది, తిరుగు నీరు 140 పైన ఉంది అంటే పంపు మార్చే పని పెట్టుకోకండి.

ఆ 140 ఎందుకన్నానంటే, బాయిలర్‌లోకి తిరిగొచ్చే నీరు అంతకంటే చల్లగా ఉంటే మంటగది గోడలు చల్లబడి, పొగలోని తేమ వాటి మీద పేరుకుంటుంది. అది కట్టెల పొగ వదిలే తారులాంటి క్రియోసోట్‌తో కలిసి ఉక్కును తినేస్తుంది. పంపు చిన్నదై తేడా 40, 50 డిగ్రీలకు పోతే జరిగే అసలు నష్టం ఇదే. ఇల్లు చల్లగా ఉందని మనకు వెంటనే తెలుస్తుంది గానీ బాయిలర్ పాడవుతోందని తెలియడానికి ఏళ్లు పడుతుంది. 2020 మే నుంచి అమలైన అమెరికా పర్యావరణ సంస్థ (ఈపీఏ) నిబంధనలకు తగ్గట్టు వచ్చిన, పొగను కూడా మండించే కొత్త గ్యాసిఫికేషన్ బాయిలర్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. అందుకే బాయిలర్ వెనక థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు పెట్టిస్తారు. అది తిరుగు నీటిలో కొంత వేడినీరు కలిపి పంపిస్తుంది. ఆ వాల్వుకూ కొంత హెడ్ ఖర్చవుతుంది, లెక్కలో కలపండి.

పంపు పెట్టె మీద గరిష్ఠ హెడ్, గరిష్ఠ ప్రవాహం అని రెండు అంకెలుంటాయి. ఆ రెండూ ఒకేసారి దొరకవు. గరిష్ఠ హెడ్ అంటే ప్రవాహం సున్నా ఉన్నప్పటిది, గరిష్ఠ ప్రవాహం అంటే అడ్డు ఏమీ లేనప్పటిది. టాకో అని ఇంకో కంపెనీ ఉంది. దాని 009కి హెడ్ 34 అడుగులు, చూస్తే చాలా గట్టి పంపు. కానీ దాని ప్రవాహం 8 గాలన్ల దగ్గరే ఆగిపోతుంది, అక్కడ హెడ్ మిగలదు. టాకో 0010కి ప్రవాహం 30 గాలన్లు, హెడ్ మాత్రం 11 దాటదు. అందరికీ తెలిసిన 007 కూడా హెడ్‌లో 11 అడుగుల లోపే. బాయిలర్ ఇంటికి దగ్గరగా ఉండి, పైపు లావుగా ఉంటే 007 చక్కగా పనిచేస్తుంది, మన ఉదాహరణలో నిలవదు. 0011 మాత్రం 30 అడుగుల హెడ్‌తో 26-99 తరహాలో ఉంటుంది. కాబట్టి పెట్టె మీది అంకెలు కాకుండా కంపెనీ ఇచ్చే కర్వ్ తెరవండి. అడుగున గాలన్లు, నిలువున అడుగులు ఉంటాయి. మీ 8 గాలన్ల గీత మీద మీ 12 అడుగుల చుక్క పెట్టండి. ఏ పంపు వంపు ఆ చుక్క మీదుగానో, కొంచెం పైనుంచో పోతుందో అదే మీ పంపు. మూడు స్పీడ్ల పంపయితే మధ్య స్పీడు వంపు చుక్కకు దగ్గరగా ఉంటే ఇంకా మంచిది, రేపు పైకి పెంచుకోవచ్చు.

మరీ పెద్దది పెడితే ఏమవుతుంది అని ఇందాక ఒకరు అడిగారు. ప్రవాహం రెట్టింపు చేయాలంటే హెడ్ దాదాపు నాలుగింతలు కావాలి. కాబట్టి పెద్ద పంపు పెట్టినా వచ్చే అదనపు నీరు తక్కువ, పెరిగే కరెంటు ఎక్కువ. నీటి వేగం సెకనుకు 4, 5 అడుగులు దాటితే పైపుల్లో చప్పుడు వస్తుంది, రాగి ఎల్బోలు లోపల అరుగుతాయి. అంగుళం పెక్స్‌లో 8 గాలన్లకే వేగం నాలుగు దాటుతుంది, 10 గాలన్లకు ఐదున్నర. ఆ పైపుతో అంతకంటే ఎక్కువ పిండాలని చూడకండి.

ఇక పంపు ఎక్కడ బిగించాలి. ఈ బాయిలర్లు ఎక్కువగా ఓపెన్ సిస్టం, పైన గాలికి తెరిచి ఉంటాయి. ఇంట్లోని మామూలు బాయిలర్‌లో 12 నుంచి 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఉంటుంది. ఇక్కడ పంపు కన్నా నీటిమట్టం 4 అడుగులు ఎత్తున ఉంటే, దానివల్ల పంపు దగ్గర వచ్చే ఒత్తిడి రెండు పీఎస్‌ఐ కూడా ఉండదు. 180 డిగ్రీల నీరు, పైన ఒత్తిడి లేదు. పంపు పీల్చేవైపు ఒత్తిడి ఇంకాస్త పడిపోయిందంటే నీరు అక్కడికక్కడే ఆవిరి బుడగలవుతుంది, అవి ఇంపెల్లర్ (నీటిని నెట్టే చక్రం) దగ్గర పగులుతాయి. కంకర రాళ్లు తిరిగిన చప్పుడు వస్తుంది, పంపు ఎక్కువకాలం బతకదు. దీనికి మందు ఒకటే. పంపును బాయిలర్ వెనకే, వీలైనంత కిందుగా, వేడినీరు బయటికొచ్చే పైపు మీద, ఇంటివైపు నెట్టేలా పెట్టండి. తిరుగు పైపు మీద పెడితే చల్లటి నీళ్లు కదా, పంపుకు మంచిదని కొందరంటారు. అలా పెడితే 200 అడుగుల పైపు రాపిడంతా పీల్చే వైపుకు వస్తుంది. ఇంట్లో ఎత్తున ఉన్న కీళ్ల దగ్గర ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గి, నీరు కారని సందుల్లోంచి కూడా గాలి లోపలికి దూరుతుంది. "ఎన్నిసార్లు గాలి తీసినా మళ్లీ చేరుతోంది" అన్న ఫిర్యాదు వస్తే ముందు పంపు ఎటువైపు ఉందో చూడాలి.

ఇంటి ఎత్తుతో పని లేదని చెప్పాను గానీ ఒక మినహాయింపు ఉంది. బాయిలర్ పల్లంలో, ఇల్లు మిట్ట మీద ఉండి, పైపు చివరి ఎత్తు బాయిలర్ నీటిమట్టం కన్నా 15 అడుగులు పైన ఉందనుకోండి. పంపు ఆగినప్పుడు ఆ పైకొసలో మిగిలే ఒత్తిడి, గాలి బరువు 14.7 పీఎస్‌ఐలోంచి ఆరున్నర పోగా 8.2. నీరు 180 డిగ్రీల దగ్గర 7.5 ఒత్తిడిలో మరుగుతుంది, 190 దగ్గర 9.3లో. అంటే 180 దగ్గర అంచున ఉంటుంది, 190 అయితే అక్కడ నీరు మరిగి పైపులో నీటి ధార తెగిపోతుంది. కాబట్టి బాయిలర్ నీళ్లను మేడమీది దాకా తిప్పకండి. బేస్‌మెంట్‌లో ప్లేట్ ఎక్స్ఛేంజర్ పెట్టి అక్కడితో ఆపండి. అటువైపు నుంచి మేడమీదికి ఒత్తిడి ఉన్న వేరే నీళ్లు, వేరే పంపు. ఫ్లోర్ హీటింగ్ ఉన్నవాళ్లకూ ఇదే పద్ధతి.

బిగించేటప్పుడు మోటారు షాఫ్టు అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉండాలి. ఈ పంపుల బేరింగులకు లోపలి నీళ్లే నూనె. మోటారు నిలువుగా నిలబెడితే పైన గాలి చేరి బేరింగ్ ఎండిపోతుంది. పంపు ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంటివైపు చూడాలి. పంపుకు రెండు వైపులా బాల్ వాల్వు ఉన్న ఫ్లాంజీలు వేయించండి, లేకపోతే పంపు మార్చాలన్నప్పుడల్లా వందల గాలన్లు వదిలేయాల్సి వస్తుంది. మడ్డి పట్టే జల్లెడను పంపు పీల్చే వైపు కాకుండా ప్లేట్ ఎక్స్ఛేంజర్ ముందు పెట్టండి. కొన్ని పంపుల్లో చెక్ వాల్వు లోపలే వస్తుంది. ఒకే పంపు, ఒకే చుట్టు ఉన్నచోట దాన్ని తీసేయడమే మంచిది. అది హెడ్ తింటుంది, గాలిని ఆపేస్తుంది, కరెంటు పోయినప్పుడు వేడినీరు తనంతట తాను నెమ్మదిగా తిరిగే వీలు లేకుండా చేస్తుంది.

తక్కువ కరెంటు తాగే ఈసీఎం పంపుల గురించి కూడా చెప్పాలి. 15-58 చేసే పనిని ఇవి దాదాపు సగం వాట్లతో చేస్తాయి. ఇన్వర్టర్ మీద కూడా ఎక్కువసేపు నడుస్తాయి. కానీ వీటి రోటర్‌లో శాశ్వత అయస్కాంతం ఉంటుంది. ఓపెన్ సిస్టంలో గాలి తగిలి ఉక్కు తుప్పు పడుతుంది కదా, ఆ నల్లటి తుప్పు పొడి అయస్కాంతానికి అతుక్కుని రోటర్ బిగుసుకుపోతుంది. నీళ్లలో తుప్పు నిరోధక మందు సరిగ్గా వేసి, ఏటా పరీక్ష చేయించి, అయస్కాంతపు మడ్డి ఫిల్టరు పెట్టేవాళ్లు ఇది తీసుకోవచ్చు. తీసుకున్నాక ఆటో మోడ్‌లో వదలకుండా స్థిరమైన స్పీడులో పెట్టండి. ఆ శ్రద్ధ కుదరదనుకుంటే పాత తరహా పోత ఇనుము పంపే నయం. గాలిలోని ఆక్సిజన్ గోడ గుండా నీళ్లలోకి దిగకుండా ఆపే బారియర్ పొర లేని పెక్స్ వాడితే మాత్రం పోత ఇనుము పంపుకూ ఆయుష్షు తగ్గుతుంది.

చలికాలంలో కరెంటు పోవడం అక్కడ ఎక్కువగా మంచు తుఫానులప్పుడే జరుగుతుంది. పంపు ఆగితే రెండు ప్రమాదాలు: మంట రగులుతూ ఉన్న బాయిలర్ పొంగిపోతుంది, భూమి పైన ఉన్న పైపు గడ్డకడుతుంది. ఇన్వర్టర్ పెట్టుకుంటే ప్యూర్ సైన్ వేవ్‌ది పెట్టండి. చవక రకం మీద మామూలు పంపు మోటారు గుయ్యిమని మూలుగుతూ వేడెక్కుతుంది. మరో మాట, ఇండియా నుంచి పంపు తెచ్చుకునే ఆలోచన వద్దు. ఇండియాలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్; అమెరికాలో 120, 60.

అంతా బిగించాక నాలుగు చోట్ల పైపుకు కట్టే థర్మామీటర్లు పెట్టండి: బాయిలర్ దగ్గర బయలుదేరేచోట, ఇంట్లోకి వచ్చేచోట, ఎక్స్ఛేంజర్ దాటాక, తిరిగి బాయిలర్ దగ్గర. మొదటి రెండిటి మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలు దాటితే పైపు ఇన్సులేషన్‌లో లోపముంది, పంపును తిట్టకండి. ఎక్స్ఛేంజర్‌కు ముందు, తర్వాత తేడా 40 ఉంటే ప్రవాహం చాలట్లేదు. వెంటనే పంపు మార్చకుండా జల్లెడ తీసి కడగండి, గాలి తీయండి. అదే తేడా 5 డిగ్రీలే ఉండి ఇల్లు చల్లగా ఉంటే నీళ్లు దండిగా వస్తున్నాయి, వేడి దిగడం లేదు. ఎక్స్ఛేంజర్ చిన్నదో, పాచి పట్టిందో, ఫర్నేస్ ఫ్యాన్ గాలి చాలట్లేదో చూడాలి. అక్కడ రెండింతల పంపు పెట్టినా ఒక్క డిగ్రీ పెరగదు.

పంపు మూలుగుతూ తిరగకపోతే ఎక్కువసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది, లేదా వేసవంతా ఆగి ఉండి రోటర్ అతుక్కుపోయి ఉంటుంది. వేసవిలో నెలకోసారి ఐదు నిమిషాలు తిప్పితే రెండోది రాదు. కొన్ని పంపులకు ముందు మధ్యలో ఒక బిరడా ఉంటుంది, అది విప్పి స్క్రూడ్రైవర్‌తో షాఫ్టును కదిపితే మళ్లీ తిరుగుతుంది. టాకో 007లాంటి వాటిలో లోపలి కార్ట్రిడ్జ్ ఒక్కటే మార్చుకోవచ్చు. రెండు ఫ్లాంజ్ గాస్కెట్లు, ఒక కార్ట్రిడ్జ్ లేదా అదే మోడల్ పంపు ఒకటి బేస్‌మెంట్ షెల్ఫులో ఉంచుకోండి. వేరే కంపెనీది కొంటే ఫ్లాంజీ నుంచి ఫ్లాంజీకి పొడవు కొద్దిగా తేడా వస్తుంది, సున్నాకు 25 డిగ్రీలు కింద ఉన్న రాత్రి ఆ తేడాకు పైపు కోసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.